గుల్మార్గ్ మంచులో ఫోటోలు: మేనమామ కోటు ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మాది ఆమదాలవలస పక్క పల్లె. పేరు వేయకండి. ఆరేళ్లుగా పెళ్లిళ్ల ఫోటోలు తీస్తున్నాను. ఖాళీ దొరికితే కబడ్డీ, వాలీబాల్ పోటీలకు వెళ్తాను, కొండవెలగాడ వెళ్లి వెయిట్ లిఫ్టింగ్ పిల్లల్ని కూడా తీశాను. అవి చూసి ఒక వెబ్ పత్రికవాళ్లు ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో స్కీ పోటీలు తీసి పెట్టమన్నారు. నాలుగు రోజుల పని. ప్రయాణం, బస వాళ్లవి, బట్టలు నావి. నేను చూసిన పెద్ద చలి అరకు! ఆర్మీలో చేసి వచ్చిన మా మేనమామ తన పాత కోటు ఇచ్చి, 'ఇది ఏసుకుంటే నీకేటీ అవ్వదు' అంటున్నాడు. 12 వేలకు మించి పెట్టలేను. దేని మీద పెట్టాలి? గ్లౌజులు వేసుకుంటే బటన్లు నొక్కలేనేమో అని ఇంకో టెన్షన్. మీ అమ్మాయి వయసుదాన్ని, నువ్వు అనే రాయండి.

సమాధానం:

మీ మేనమామ కోటుతోనే మొదలుపెడదాం. తప్పకుండా తీసుకెళ్లమ్మా. ఆయన మాట సగం నిజం. ఆ కోటు వేసుకుని రాత్రుళ్లు కాపలా కాసిన మనిషి కాబట్టి, కదలకుండా నిలబడ్డవాడికి ఏం కావాలో ఆయనకు తెలుసు. నువ్వు చేయబోయేది కూడా సగం అదే పని. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వీధికొకరైనా ఆర్మీలో చేసి వచ్చినవాళ్లు ఉంటారు, అలాంటి కోట్లు ఎన్ని ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున, కలరా ఉండల మధ్య పడున్నాయో. మిగతా సగం దగ్గరే చిక్కు. ఆ కోటు తొడుక్కుని, వీపున కెమెరా బ్యాగు వేసుకుని, మోకాలి లోతు మంచులో ఎత్తు ఎక్కావనుకో, పది నిమిషాల్లో లోపలి బట్టలు చెమటకు తడిసి ముద్దవుతాయి. పైకి చేరి నిలబడ్డాక ఆ తడి నిన్ను వణికించడం మొదలుపెడుతుంది. అప్పుడు ఎంత పెద్ద కోటున్నా లాభం తక్కువ. గాలి కంటే నీరు ఒంటి వేడిని 25 రెట్లు వేగంగా లాగేస్తుంది మరి.

స్కీ ఆటగాడి చలి వేరు, నీ చలి వేరు. అతను పైన ఒళ్లు వేడెక్కేదాకా గెంతుతాడు, ఒకటి రెండు నిమిషాల్లో కిందికి దూసుకొస్తాడు, ఆగగానే ఎవరో ఒకరు భుజం మీద జాకెట్ కప్పుతారు. నువ్వు ఒక జెండా కర్ర పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కరూ వచ్చేదాకా కళ్లు ఆర్పకుండా చూస్తూ ఉంటావు. పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే స్లాలమ్, జెయింట్ స్లాలమ్ పోటీల్లో ప్రతి ఒక్కరూ రెండుసార్లు దిగాలి, రెండింటి మధ్య కర్రలు పీకి దారి మార్చి మళ్లీ పాతుతారు. ఆ ఖాళీ సమయముంది చూడు, చలి మనల్ని పట్టేది అప్పుడే. కబడ్డీ కోర్టు పక్కన అయితే అటూ ఇటూ తిరుగుతావు, ఇక్కడ మంచి చోటు దొరికాక వదలబుద్ధి కాదు. కాబట్టి దుకాణంలో 'స్కీయింగ్ జాకెట్' అని చూపించే పల్చటి, బిగుతైన దాన్ని చూసి మోసపోకు. అది కదిలేవాడి కోసం కుట్టింది.

నేను ఈ పాఠం నేర్చుకున్నది ఉత్తరాఖండ్ మంచు కొండల్లోని ఔలీలో. చాలా ఏళ్లయింది. స్నేహితుడొకడు పిలిస్తే, ఇక్కడ పెళ్లిళ్లకు వెళ్లినట్టే వెళ్లాను. లోపల నూలు బనియను, దానిమీద పొందూరు ఖాదీ చొక్కా, రెండు స్వెట్టర్లు, కింద జీన్స్. పొందూరు ఖాదీ గురించి మనకు ఎంత గర్వమో నీకు చెప్పక్కర్లేదు. వాలుగ చేప దవడతో ఏకి తీసిన సన్నని నూలు, మన ఎండల్లో చెమటను పీల్చుకుని ఒంటిని చల్లగా ఉంచుతుంది. ఔలీలోనూ సరిగ్గా అదే పని చేసింది. చెమటను పీల్చుకుంది, ఒంటిని చల్లగా ఉంచింది. ఒక మలుపు దగ్గర కింద నుంచి తీస్తే బాగుంటుందని మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒంటి వేడికి మంచు కరిగి జీన్స్‌లోకి ఇంకింది. కాసేపటికి లేద్దును కదా, మోకాళ్ల దగ్గర గుడ్డ గంజి పెట్టి ఆరేసిన పంచెలాగా బిగుసుకుపోయి ఉంది. వేళ్లు కొంకర్లు పోయాయి. అందరికంటే వేగంగా దిగుతున్న కుర్రాడు నా ఎదురుగానే వచ్చాడు, నేను నొక్కాననే అనుకున్నాను. తీరా చూస్తే వేలు బటన్ మీద ఉందే గానీ బటన్ దిగలేదు. ఆ ఫోటో నాకు ఇప్పటికీ లేదు.

అందుకే మొదటి మాట: ఒంటికి తగిలే ఏ బట్టా నూలుది కాకూడదు. బనియను, లోదుస్తులు, సాక్సులు అన్నీ. ఆడపిల్లలు లోపల వేసుకునేవాటిలో నూలు ఎక్కువని, పైన ఎంత మంచి థర్మల్ వేసినా అక్కడే తడి ఆగిపోతుందని మా అమ్మాయి గుర్తుచేసింది, నాకైతే తట్టేది కాదు. థర్మల్ కొనేటప్పుడు లోపలి చీటీ చదువు. పాలిస్టర్ అయినా ఫర్వాలేదు, మెరినో ఉన్ని అయితే ఇంకా మంచిది, నాలుగు రోజులు వేసినా వాసన రాదు. మన బట్టల కొట్లలో థర్మల్ పేరుతో అమ్మేవాటిలో సగానికి సగం నూలు కలిపినవి ఉంటాయి. మెత్తగా ఉంటాయని చేతికి నచ్చుతాయి, కొనకు. ఒంటికి అతుక్కున్నట్టు ఉండాలి, అలాగని చంకల్లో కోసుకుపోకూడదు. రెండు జతలు కొను, ఒకటి ఆరుతుంటే ఒకటి ఒంటి మీద ఉంటుంది.

దాని మీద ఫ్లీస్ ఒకటి, అంటే నూగుతో మెత్తగా ఉండే పాలిస్టర్ స్వెట్టర్. మెడ దాకా జిప్ ఉన్నది తీసుకో, ఎక్కేటప్పుడు జిప్ దించితే లోపలి వేడి బయటికి పోతుంది. ఇంట్లో ఉన్ని స్వెట్టర్ ఉంటే అదే వేసుకో, డబ్బు మిగులుతుంది. చలికాలం రాగానే మన టౌన్లలో రోడ్డు పక్కన వెలిసే స్వెట్టర్ల దుకాణాల్లో దొరికేది ఎక్కువగా అక్రిలిక్, అదీ పనికొస్తుంది. వెచ్చదనం గుడ్డలో ఉండదు, గుడ్డ పట్టి ఉంచే గాలిలో ఉంటుంది. అందుకని బిగుతుగా ఉన్న మూడు స్వెట్టర్ల కంటే వదులుగా ఉన్న రెండు మేలు. అన్నిటికంటే పైన గాలినీ నీటినీ ఆపే పల్చటి పొర కావాలి. టోపీ ఉన్న మంచి వాటర్‌ప్రూఫ్ జర్కిన్ చాలు, లోపల దూది అక్కర్లేదు. అయితే మనం వానాకాలంలో బండి మీద వేసుకునే రెయిన్ కోటు మాత్రం వద్దు. అందులోంచి చెమట ఆవిరి బయటికి పోదు, కాసేపటికి ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టు ఉంటుంది.

ఈ మూడింటితో కొండ ఎక్కు. మేనమామ కోటు బ్యాగు పైన కట్టుకో. నడక మొదలుపెట్టినప్పుడు 'అబ్బ, కొంచెం చలిగా ఉందే' అనిపించాలి, అప్పుడే లెక్క సరిగ్గా ఉన్నట్టు. నీ చోటికి చేరాక, చెమట చల్లారకముందే, ఆ కోటు అన్నిటి మీదా వేసేయి. వణుకు వచ్చేదాకా ఆగితే పోయిన వేడి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ కోటు మరీ బరువుగా ఉండి మోయలేనంటే, అక్కడ అద్దెకు కోట్లు ఇస్తారు. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు, దారిలో టంగ్‌మార్గ్ వస్తుంది. అక్కడా, గుల్మార్గ్‌లోనూ పొడుగు కోట్లు, గమ్ బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు వరసగా ఉంటాయి. కోటు అద్దెకు తీసుకోవచ్చు. బూట్ల సంగతి కింద చెబుతాను.

రంగు గురించి ఎవరూ చెప్పరు గానీ ఒకటి గుర్తుంచుకో. తెల్ల జాకెట్ వేసుకోకు. మంచులో కలిసిపోతావు, వేగంగా దిగేవాడికి నువ్వు కనిపించాలి. ఎరుపో నారింజో అయితే మేలు.

ఇప్పుడు కాళ్లు. నీ 12 వేలలో పెద్ద వాటా ఇక్కడ పెట్టు. గాలి ఎంత చల్లగా ఉన్నా కోటు ఆపుతుంది, కానీ మంచు మీద రెండు గంటలు నిలబడితే చలి అరికాళ్లలోంచి ఎక్కుతుంది. అద్దె గమ్ బూట్లు నీటిని ఆపుతాయి, చలిని ఆపవు. పైగా లోపల చెమట పోయే దారి లేక సాక్సులు తడుస్తాయి. అడుగు మందంగా, లోపల ఉన్నితో, నీళ్లు పట్టని మంచు బూట్లు కొనుక్కో. నీ కొలత కంటే ఒక నంబరు పెద్దది తీసుకో. అందరూ చేసే తప్పు ఒకటుంది, మామూలు బూట్లలో రెండు జతల సాక్సులు కుక్కడం. బూటు బిగుసుకుంటే రక్తం సరిగా ఆడదు, రక్తం ఆడనిచోట వేడి ఉండదు. లోపల వేళ్లు కదిలించగలగాలి, పియానో వాయించినట్టు. మందమైన ఉన్ని సాక్సు ఒకటి చాలు. ఇంకో జత పొడిది జేబులో పెట్టుకుని, మధ్యాహ్నం మార్చుకో. ఆ రెండు నిమిషాలకు కలిగే సుఖం ఏ జాకెట్టూ ఇవ్వదు.

ఇంకోటి, దీనికి డబ్బే అక్కర్లేదు. కొత్త ఫ్రిజ్జో టీవీయో వస్తే పెట్టెలో వచ్చే తెల్ల ఫోమ్ షీట్ చూశావా? లేదా పిల్లలు యోగా చేసే చాప. అందులోంచి అడుగున్నర చదరపు ముక్క కోసి బ్యాగులో పెట్టుకో. నిలబడ్డప్పుడు కాళ్ల కింద, కూర్చున్నప్పుడు మోకాళ్ల కింద. మంచుకూ నీకూ మధ్య గాలి పొర ఒకటి ఉంటుంది. నేను ఔలీ నుంచి వచ్చాక కోసుకున్న ముక్క ఇప్పటికీ బ్యాగులోనే ఉంది, ఇక్కడ బురదలో కూర్చోవడానికి వాడుతున్నాను. ప్యాంటు సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. థర్మల్ లెగ్గింగ్స్ మీద నీళ్లు పట్టని ప్యాంటు వేసుకో, జీన్స్ ఇంట్లో వదిలేయి. భుజాల మీదికి పట్టీలతో వచ్చే స్కీ ప్యాంటు చూడ్డానికి బాగుంటుంది గానీ, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తే పైవన్నీ విప్పాలి. నడుము దగ్గర ఎలాస్టిక్ ఉన్నదే తీసుకో. బాత్రూమ్ గోల ఎందుకని నీళ్లు తాగడం మానేసే అమ్మాయిలు ఉన్నారు, ఆ ఎత్తులో అది ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గితే చేతులూ కాళ్లూ తొందరగా చల్లబడతాయి, తలనొప్పి వస్తుంది.

చేతుల గురించి నీకున్న టెన్షన్ న్యాయమైనదే. ఒకే జత గ్లౌజులతో ఈ సమస్య తీరదు. మందంగా ఉంటే బటన్ తెలియదు, పల్చగా ఉంటే వేళ్లు మిగలవు. రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకోవాలి. లోపలిది పల్చటి సిల్కో ఉన్నో పాలిస్టరో, చర్మంలా అతుక్కుని ఉండేది. దీన్ని ఎప్పుడూ తీయకూడదు. దాని మీద మిట్టెన్, అంటే వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండేది. నాలుగు వేళ్లూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి విడి వేళ్ల గ్లౌజు కంటే ఇది వెచ్చన. వేళ్ల దగ్గర మూతలా వెనక్కి మడిచే రకం కూడా వస్తుంది, ఫోటోగ్రాఫర్లకు అదే సరైనది. ఆటగాడు పైన బయలుదేరగానే మూత వెనక్కి మడిచి వేలు బటన్ మీద పెట్టు, అతను నిన్ను దాటగానే మళ్లీ మూసేయి. కుడిచెయ్యి ఒక్కటే తెరుచుకుంటే చాలు, ఎడమచెయ్యి లెన్స్ కిందే కదా ఉండేది, దానికి మామూలు మందమైన మిట్టెన్ వేసేయి.

మిట్టెన్‌కి తాడు కుట్టించుకుని జాకెట్ చేతుల్లోంచి దూర్చు, చిన్నపిల్లలకు అమ్మలు చేసినట్టు. సిగ్గుపడకు. గుట్ట మీద ఈదురుగాలికి కొట్టుకుపోయిన గ్లౌజు వెనకాల ఎవరూ పరిగెత్తలేరు. జాకెట్ జిప్పులకూ, బ్యాగు జిప్పులకూ పాత రాఖీ దారమో, పురికొస ముక్కో కట్టు. గ్లౌజు వేళ్లకు ఆ చిన్న ఇనుప నాలుక దొరకదు, దారం దొరుకుతుంది. ట్రైపాడ్ గానీ మోనోపాడ్ గానీ తీసుకెళ్తే, దాని కాళ్లకు క్రికెట్ బ్యాటు గ్రిప్పు గానీ ఫోమ్ గానీ చుట్టు. ఉత్త చేత్తో చల్లటి లోహం పట్టుకోవడం అక్కడ వేడి పెనం పట్టుకున్నంత పని.

హ్యాండ్ వార్మర్ ప్యాకెట్లు దొరుకుతాయి. లోపల ఇనుప పొడి ఉంటుంది, గాలి తగలగానే మెల్లగా తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది, చాలా గంటలు ఉంటుంది. వాటిని అరచేతిలో కాదు, మిట్టెన్‌లో మణికట్టు దగ్గర, నాడి చూసే వైపు పెట్టుకో, వేళ్లకు వెళ్లే రక్తం అక్కడినుంచే పోతుంది. చర్మానికి నేరుగా ఆనించకు, లోపలి గ్లౌజు మీదే ఉండాలి. బిగుతైన బూట్లలో పెడితే గాలి అందక సరిగా పనిచేయవు.

తలకు మంకీ క్యాప్. అవును, మా నాన్న డిసెంబరులో పాలు తేవడానికి పెట్టుకునే ఆ మంకీ క్యాపే. అందరూ నవ్వుతారు గానీ, చెవులు, గడ్డం, మెడ ఒకేసారి కప్పేది దానికంటే చవకగా ఇంకేదీ లేదు. ఒక్కటే ఇబ్బంది, ముక్కు మీదికి లాక్కుంటే ఊపిరి పైకి వచ్చి వ్యూఫైండర్ మీద పొగలా పట్టేస్తుంది. చూసేటప్పుడు ముక్కు కిందికి దించుకో, బటన్ నొక్కే క్షణం ఊపిరి బిగబట్టు. మఫ్లర్ వద్దు, కొసలు లెన్స్ ముందు ఊగుతాయి. మెడకు గొట్టంలా తొడుక్కునే గుడ్డ మేలు. ఎండ కాస్తే నల్లద్దాలు తప్పనిసరి. తాజా మంచు మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి తిరిగి నీ ముఖం మీదికే వస్తాయి. కళ్లలో ఇసుక పోసినట్టు మండే 'మంచు గుడ్డితనం' అలా వస్తుంది. ముఖానికి సన్‌స్క్రీన్, పెదాలకు వేసలిన్. మనింట్లో అన్నిటికీ కొబ్బరి నూనే కదా, అది అక్కడ సీసాలో రాయి అయిపోతుంది, తీసుకెళ్లకు.

ఎంత చలి ఉంటుందో కూడా చెప్పాలి. మనకు జనవరి తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు దిగితేనే రగ్గులు తీస్తాం. మాఘంలో మానులు వణుకుతాయంటారు మనవాళ్లు, ఫిబ్రవరి గుల్మార్గ్ చూస్తే ఆ మాట మార్చుకునేవాళ్లేమో. ఊరు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. రాత్రి సున్నాకు బాగా కిందికి పోతుంది, ఎండ ఉన్న పగలు సున్నాకు అటూ ఇటూ ఉంటుంది. గొండోలా, అంటే అక్కడి రోప్‌వే, రెండో దశ ఎక్కితే అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్లకు చేరతావు, ప్రతి కిలోమీటరు ఎత్తుకూ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి కింద కంటే 8 డిగ్రీలు చలి ఎక్కువ. గాలి వీస్తే లెక్క ఇంకా మారుతుంది. థర్మామీటర్ మైనస్ 10 చూపిస్తూ, గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో కొడితే, ముఖానికి మైనస్ 20లా తగులుతుంది. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు డిగ్రీలతో పాటు గాలి వేగం కూడా చూడు. గాలి ఎక్కువున్న రోజున గొండోలా పై దశ ఆపేయడం మామూలే, ఆ రోజు నీకు విశ్రాంతి అనుకో.

కెమెరాకు కూడా బట్టలు కావాలి, కాకపోతే తిరగేసి. చాలా కెమెరాలకు కంపెనీలు రాసిచ్చేది 0 నుంచి 40 డిగ్రీలే. దానికంటే కిందా పనిచేస్తాయి, బ్యాటరీలే ముందు చేతులెత్తేస్తాయి. కనీసం మూడు తీసుకెళ్లి, కెమెరాలో లేనివి ఫ్లీస్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకో. కెమెరాలోది అయిపోయిందని చూపిస్తే పారేయకు, ఒంటి వేడికి కాసేపు ఉంచితే ఇంకొన్ని ఫోటోలకు లేచి కూర్చుంటుంది. జేబుల్లో చిల్లర, తాళాలు బ్యాటరీలతో కలపకు. విమానమెక్కాల్సి వస్తే విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయనివ్వరు. కెమెరాను మాత్రం కోటు లోపల దాచుకోకు. ఒంటి చెమట ఆవిరి లెన్స్ మీద చేరి, బయటికి తీయగానే గడ్డ కడుతుంది. అది బయట చల్లగా ఉండటమే మేలు. సాయంత్రం గదికి వచ్చేముందు, ఇంకా బయట ఉండగానే, కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూసేయి. వేసవిలో ఫ్రిజ్జులోంచి తీసిన సీసా మీద నీళ్లు పట్టడం చూశావుగా, గది వేడికి కెమెరా లోపల కూడా అదే జరుగుతుంది. సంచిలో ఉంటే ఆ నీళ్లు సంచికి పడతాయి. రెండు గంటలు ఆగి తెరువు. ఫోటోలు చూడాలన్న ఆత్రం ఉంటే, బయటే కార్డు తీసి జేబులో వేసుకో. ఇంకా ఒక చిన్న మాట, అడగలేదు గానీ, మంచును కెమెరా బూడిద రంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒకటి, ఒకటిన్నర స్టాప్ పెంచుకో.

డబ్బు విషయం. బూట్లు, గ్లౌజులు, థర్మల్స్ కొనుక్కో, కాస్త ఖరీదైనవైనా సరే. ఫ్లీస్ చవకది చాలు. జర్కిన్, ప్యాంటు ఎవరినైనా అడిగి చూడు, లేదంటే అక్కడ అద్దెకు తీసుకో. పైకోటు మేనమామ ఇచ్చాడు. మనలో చాలామంది లెక్క తిరగబడుతుంది, పెద్ద కోటు కొని డబ్బంతా అక్కడే అయిపోయి, పాత స్పోర్ట్స్ షూతో మంచులోకి దిగుతారు.

బయలుదేరే ముందు ఇంట్లో ఒక పరీక్ష పెట్టుకో. చేపల మార్కెట్‌కి వెళ్లి ఐస్ డబ్బా ఉన్న మనిషిని బతిమాలుకో. గ్లౌజులు రెండూ వేసుకుని, చేతులు ఐదు నిమిషాలు ఆ దంచిన ఐసు ముక్కల్లో పెట్టి, తీసి, బ్యాటరీ మార్చు, కార్డు మార్చు, ఫోకస్ పాయింటు జరుపు. ఏ బటన్ దొరకడం లేదో అక్కడే తెలిసిపోతుంది. అందరూ చుట్టూ చేరి చూస్తారు, 'ఏటమ్మా, ఏటి చేస్తన్నావు' అంటారు, ఫర్వాలేదు. కుదిరితే జనవరిలో ఒక తెల్లవారుజామున లంబసింగి వెళ్లి, ఈ బట్టలన్నీ వేసుకుని, కాళ్ల కింద ఫోమ్ ముక్క వేసుకుని రెండు గంటలు కదలకుండా నిలబడు. గుల్మార్గ్ కాదు గానీ, మెడ దగ్గర ఎక్కడ గాలి దూరుతోందో, ఏ సాక్సు జారుతోందో తెలుస్తుంది. బ్యాగు పట్టీలు భుజాల దగ్గర జాకెట్‌ను నొక్కేసి అక్కడే చలి పెడుతుందేమో కూడా చూసుకో.

మీ మేనమామ ఇంకో సలహా కూడా ఇచ్చి ఉంటాడు, నువ్వు రాయలేదు గానీ నేను ఊహించగలను. ఒక గుక్క రమ్ము. ఆ సీసా ఇంట్లోనే ఉంచమను. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పుతుంది, ఒళ్లు వెచ్చబడ్డట్టు అనిపిస్తుంది, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంటుంది. దాని బదులు ఫ్లాస్కులో తియ్యటి టీ, జేబులో పలాస జీడిపప్పు. చిక్కీ కూడా మంచిదే కానీ ఆ చలికి పళ్లు ఊడేంత గట్టిపడుతుంది. పొద్దున్న కడుపు నిండా తిని వెళ్లు, వేడి పుట్టాలంటే పొయ్యిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

భయపెట్టడానికి కాదు గానీ, ఇది తెలిసి ఉండాలి. వేలు నొప్పి పెడితే అది మొదటి హెచ్చరిక, వెంటనే మిట్టెన్‌లో పెట్టి వెచ్చబరుచుకో. నొప్పి పోయి మొద్దుబారి, తెల్లగా మైనంలా కనిపిస్తే వెంటనే లోపలికి వెళ్లిపో, ఆ ఫైనల్‌లో ఎవరు గెలిచినా సరే. రుద్దకు, మంచుతో అసలే రుద్దకు. నిప్పు దగ్గరా, కాశ్మీరీలు చలికి పట్టుకునే కాంగ్డీ అనే నిప్పుల కుండ దగ్గరా పెట్టకు, మొద్దుబారిన వేలికి కాలుతున్నా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి, ఇంకొకరి మోచేత్తో వేడి చూడమను. తర్వాత డాక్టరుకు చూపించు.

తిరిగొచ్చాక ఆ బట్టలు మన ఉక్కకూ సముద్రపు తేమకూ తొందరగా బూజు పడతాయి. బూట్లలో పాత పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టు, ఫ్లీస్ ఉతికి ఆరేయి, వాటర్‌ప్రూఫ్ జర్కిన్‌ను మాత్రం ఇస్త్రీ చేయకు. మేనమామ కోటు ఒక రోజు గాలికి వేసి, కలరా ఉండలు మార్చి, ఆయన ట్రంకు పెట్టెలోనే తిరిగి పెట్టేయి. మిట్టెన్లు మాత్రం నాకు ఒకసారి చూపించు, నావి ఎలుకలు కొట్టేశాయి.